వేరే పేరుకు పలికినవాడి కొడుకు

పోయిన నెల అల్ వుకైర్‌లో సైటు ముందు బస్సు కోసం నిలబడి ఉన్నాను. కొత్తగా చేరిన నేపాలీ ఎలక్ట్రీషియన్ ఒకాయన నా తల వైపు చూసి, మర్యాదగా, "అంకుల్, కబ్ ఆయే?" అని అడిగాడు. ఎప్పుడొచ్చావు అని. ఖతర్‌లో అందరూ అందరినీ అడిగే ప్రశ్నే ఇది. ఎన్నేళ్ళయిందో చెప్పబోయి ఆగిపోయాను. నన్ను కూడా అంకుల్ అని ఆ ప్రశ్న అడిగే రోజు వచ్చిందంటే నా జుట్టు ఆ మాత్రం నెరిసిందన్నమాట. మా పాత క్యాంపులో ఒకాయన ఉండేవాడు, ఆయన ఇప్పుడిక్కడ ఉండి ఉంటే నన్నూ వదిలేవాడు కాదు.

ఆయన పేరు నేనిక్కడ రాయను. క్యాంపులో కూడా ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. 'కబాయే' అనేవారు. తల నెరిసిన మనిషి కనిపిస్తే చాలు, ఏ దేశం వాడైనా సరే, ఎదురుగా వెళ్ళి, నడుము కొంచెం వంచి, "చాచా, కబ్ ఆయే?" అని అడగడం ఆయన అలవాటు. అదే ప్రశ్న మలయాళంలో, అరబ్బీలో, పష్తోలో కూడా నేర్చుకున్నాడు. ఆ భాషల్లో ఆయనకు ఇంకో ముక్క రాదు. అవతలివాడు సంతోషపడి తన కథంతా చెప్పడం మొదలుపెడితే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా తల ఊపుతూ వినేవాడు. వచ్చి ముప్పై ఏళ్ళలోపే అని తేలితే భుజం తట్టి వెళ్ళిపోయేవాడు. ముప్పై దాటిందంటే అక్కడే కూర్చునేవాడు.

నేను అప్పట్లో రాస్ లఫాన్‌లో ఒక కంట్రాక్టు కంపెనీకి టైమ్ కీపర్ని. క్యాంపు అల్ ఖోర్ దగ్గర. ఆయన స్కఫోల్డింగ్ మనిషి. ఇనుప గొట్టాలు బిగించి, ఎత్తున పలకలు పరిచి, మిగతావాళ్ళు నిలబడి పని చేసుకోవడానికి దారి కట్టే పని. మాది కామారెడ్డి వైపు, ఆయనది కోరుట్ల పక్కన పల్లె. ఇద్దరం ఒకరినొకరు అన్నా అనుకునేవాళ్ళం. ఎవరు పెద్దో తేల్చుకోలేదు.

పొద్దున బస్సులో ఎప్పుడూ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేవాడు. డ్రైవరు అరవై దాటిన పఠాన్. నాలుగేళ్ళు రోజూ ఆ డ్రైవర్నే అడిగాడు, పాతకాలపు తెలుగు కూలీలెవరైనా గుర్తున్నారా అని. ఆ పెద్దమనిషి విసుక్కోకుండా రోజూ "మాఫీ, మాఫీ" అనేవాడు. లేరు, లేరు అని. అదో పలకరింపులా అయిపోయింది.

ఆయన వెతికేది తండ్రిని.

ఆ సంగతి నాకు ఆయన సెలవు కాగితం దగ్గర తెలిసింది. రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్ళే హక్కుంది. ఆయన ఫారం తీసుకునేవాడు, నా చేత నింపించేవాడు, సంతకం పెట్టేవాడు. రెండ్రోజుల తర్వాత వచ్చి వెనక్కి ఇమ్మనేవాడు. మూడోసారి అలా చేసినప్పుడు నాకు కోపం వచ్చింది.

"ఇంటికాడ ఎవ్వలు లేరా అన్నా నీకు? ఎవ్వలన్న ఆపుతున్నరా?"

"ఎవ్వలు ఆపుతరన్నా. గేటు తెరిచే ఉన్నది" అన్నాడు. "ఏం మొఖం వెట్టుకొని పోవాలె? పోంగనే మా అవ్వ నా మొఖం దిక్కు సూస్తది. అడుగది. అడుగకుంటనే అడుగుతది. పోయినసారి పోయి ఇరవై దినాలకే వాపస్ అచ్చిన. ఆ సూపు ముంగట కూసోలేకపోయిన."

తల్లి కడుపులో ఏడో నెల ఉండగా తండ్రి 'దుబాయ్' పోయాడు. వాళ్ళ ఊళ్ళో సముద్రం దాటి ఎక్కడికి పోయినా దుబాయే. తర్వాత ఒక క్యాసెట్ వచ్చింది. ఉత్తరం రాయడం రాని వాళ్ళు అప్పట్లో మాటలు క్యాసెట్‌లో పట్టి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవారు. అదొక్కటే. రెండోది రాలేదు. మనిషీ రాలేదు. చచ్చాడన్న కబురు కూడా రాలేదు.

ఫొటో లేదు. చిరునామా లేదు. తల్లికి తెలిసినవి రెండే: అతను ఎడమ చేతివాటం మనిషి, వంకాయ ముట్టడు. మొగుడి పేరు ఆమె నోటితో పలకదు, అందువల్ల ఆ పేరు కూడా ఈయనకు పక్కింటివాళ్ళే చెప్పారు. ఆమె బొట్టు మాత్రం అలాగే ఉంది. పుస్తెలు అలాగే ఉన్నాయి. ఊళ్ళో పెళ్ళిళ్ళకు కొందరు ఆమెను ముత్తైదువ అని పిలిచేవారు, కొందరు గుమ్మం దగ్గర ఆమెను చూసి చూపు తిప్పుకొనేవారు. కొన్నాళ్ళకు ఆమె ఏ పెళ్ళికీ పోవడం మానేసి, వాకిట్లో బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది.

ఈయన ఇరవై దాటగానే దుబాయ్ వెళ్ళాడు. అసలు దుబాయ్‌కే. నాలుగేళ్ళు అక్కడ వెతికాడు. ఒకరోజు రూములో ఉన్న ఈజిప్టు మనిషికి క్యాసెట్ డబ్బా చూపించాడు. దాని మీద అరబ్బీలో ఒక దుకాణం చీటీ అంటించి ఉంది. ఆ మనిషి చదివి, "ఇది దోహా" అన్నాడు. నాలుగేళ్ళు వేరే దేశంలో వెతికానని అప్పుడు తెలిసింది. "ఆనాడు మస్తు నవ్విన అన్నా" అని నాకు చెప్పాడు. ఆ చెప్పడంలో నవ్వేమీ లేదు.

డబ్బా ఉంది కానీ క్యాసెట్ లేదు. ఆయనకు ఐదేళ్ళప్పుడు పక్కింటి టేపు రికార్డరులో చిక్కుకుని తెగిపోయింది. "మరి అందుల ఏమున్నదో నీకెట్ల ఎరుక?" అని అడిగాను.

"శుక్రారం రా, ఇనిపిస్త."

శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తన మంచం మీద నన్ను కూర్చోబెట్టి ఊరికి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు. "అవ్వా, జర క్యాసెట్ చెప్పవే" అన్నాడు, చిన్నపిల్లలు కథ చెప్పమన్నట్టు.

"ఇప్పుడెందుకురా."

"మా అన్న ఉన్నడు. ఇంటడు."

అవతల బీడీల చాట పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు సర్దుకుని మొదలుపెట్టింది. మొదలుపెట్టగానే అది ఆమె గొంతు కాకుండా పోయింది. ఎక్కడో తొందరలో ఉన్న పడుచు మగవాడి మాటతీరు.

"అందరు మంచిగున్నరా. నేను మంచిగున్న." అని ఆగి, దగ్గింది. ఆ దగ్గు ఆమెది కాదు, క్యాసెట్‌లోది. "గీడ ఉక్క మస్తున్నది. సముద్రం ఒడ్డుకు పని. గోడల పక్కపొంటి పడవలు పండుకొని ఉంటయి. చేపలు దొరుకుతయి, పచ్చిపులుసు దొరుకది. నన్ను గీడ వేరే పేరుతోని పిలుస్తరు. మొదట్ల పిలిస్తె పలుకకపోయేది. గిప్పుడు పలుకుతున్న. బిడ్డ పుడితె మా అవ్వ పేరు వెట్టు. బిడ్డే పుడతది. ఇగ అయిపోతున్నదంటున్నరు. ఉంట మరి."

చివరన "టక్" అంది. బటన్ చప్పుడు.

ఈయన కళ్ళు మూసుకుని, ప్రతి మాటకూ పెదవులు కదుపుతున్నాడు. బిడ్డ అంటే మా వైపు ఆడపిల్ల. తండ్రి అనుకున్నట్టు కాకుండా తాను పుట్టానని ఆయనకు ఎప్పుడూ ఒక చిన్న సిగ్గు ఉండేది.

"వేరే పేరు అంటే ఏం పేరు?" అన్నాను ఫోన్ పెట్టేశాక.

"అది చెప్పలే గదన్నా. గదే గదా."

అప్పట్లో ఏజెంట్లు ఒకరి పాస్‌పోర్టు మీద ఫొటో మార్చి ఇంకొకర్ని పంపేవారని అందరికీ తెలుసు. తండ్రి ఎవరి పేరు మీద వచ్చాడో తెలియకపోతే ఏ పుస్తకంలో వెతకాలి? నేను ఆయన తరఫున అర్జీలు రాశాను. ఎంబసీలో ఒకాయన ఓపికగా విని, పేరు కానీ పాస్‌పోర్టు నంబరు కానీ లేకుండా ఎలా వెతకమంటారు అని అడిగాడు. ఆ అడగడంలో తప్పేమీ లేదు. బయటికొచ్చాక ఈయన మెట్ల మీద కూర్చుని, "నా బాపు ఈడికి రానే లేదన్నా. అచ్చినోడు ఇంకెవ్వడో" అన్నాడు.

ప్రతి శుక్రవారం ఫోన్ అయ్యాక అల్ ఖోర్ రేవుకు పోయేవాడు. ఒక్కోసారి అంత దూరం వక్రా దాకా పోయేవాడు. గోడల పక్కన పడవలు ఉన్న చోటల్లా నిలబడి చూసేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. జూలై. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఊపిరి ఆడటం లేదు. ఆయన పాత గోడను అరచేత్తో తడుముతూ అటూ ఇటూ నడుస్తున్నాడు. "పా అన్నా, పోదాం" అంటే, "జర ఆగు" అన్నాడు. దేనికోసం ఆగాలో ఆయనకూ తెలియదు. వచ్చిన కొత్తలో అది వెతుకులాట. నేను చూసేనాటికి అదొక డ్యూటీగా మారిపోయింది. మానేస్తే ఎక్కడికి పోవాలో తెలియక చేస్తున్న డ్యూటీ.

అలా ఉండగా మా ఆఫీసుకు కొత్త స్టోర్ కీపర్ వచ్చాడు. కోరుట్ల ముస్లిం, పాతికేళ్ళవాడు, దక్కనీ ఉర్దూ ఎంత మాట్లాడతాడో తెలుగు అంతే మాట్లాడతాడు. మాటకారి. ఒకరోజు టీ టైములో ఐదారుగురం ఉన్నాం. ఈయన గొట్టాల లెక్క అప్పజెప్పడానికి వచ్చి, గోడకానుకుని టీ తాగుతున్నాడు. మాటల్లో స్టోర్ కీపర్ తన తాత సంగతి ఎత్తుకున్నాడు.

"మా దాదాకు ఆయన చావు కబురు ఆయనకే అచ్చింది భాయ్! తార్ అచ్చింది. అప్పట్ల టెలిగ్రామ్. ఇంట్ల కూసొని దాదానే తీసుకున్నడు. ఫలానా ఆయన ఖతర్ల మర్‌గయా అని రాసుంది. గా ఫలానా ఆయన దాదానే!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వుతూ చెప్పాడు: తాత గల్ఫ్ పోదామని పాస్‌పోర్టు తీయించుకున్నాడు, తీరా ముత్తవ్వకు పక్షవాతం వచ్చి పోలేకపోయాడు, ఏజెంటు ఆ పాస్‌పోర్టు ఇంకెవడికో ఇప్పించాడు, ఆ పోయినవాడు అక్కడ పోయాడు. దాదా భయపడి ఎవరికీ చెప్పలేదు. కాగితాల మీద చచ్చిపోయాడు కాబట్టి ఆ తర్వాత ఏ దేశమూ పోలేదు, హజ్‌కు కూడా.

నేను నవ్వలేదు. గోడ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

ఈయన టీ కప్పు నేల మీద పెట్టాడు. దగ్గరికొచ్చి, ఎప్పుడూ ముసలివాళ్ళను అడిగేటట్టు నడుము వంచి, ఆ పాతికేళ్ళవాణ్ణి అడిగాడు: "మీ దాదా పేరేంది బేటా?"

అతను చెప్పాడు. ఈయన ఆ పేరు మెల్లగా ఒకసారి అన్నాడు. మళ్ళీ అన్నాడు. రెండోసారి అన్నది ఎవరినో పిలుస్తున్నట్టుంది.

ఆ సాయంత్రమే డ్యూటీ దిగాక ఆ తాతకు వీడియో కాల్. తెల్ల గడ్డం, తెల్ల టోపీ, మసకబారిన కళ్ళద్దాలు. విషయం చెప్పగానే ఆ పెద్దమనిషి మొదట అడిగిన మాట, "ఇప్పుడు కేసేమన్న అయితదా బేటా?"

"కాదు దాదా, ఈయన గాయిన కొడుకు. గంతే" అన్నాడు మనవడు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను ఒక్కసారే సూసిన. ఏజెంటు ఇంట్ల. నా చేతులతోనే ఇచ్చిన పాస్‌పోర్టు. ఎడమ చెయ్యి సాపి తీసుకున్నడు. గిట్ల ఎడమ చేత్తోని తీసుకుంటున్నడేందని అనుకున్న."

ఈయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

జ్వరం వచ్చి పోయాడనీ, అక్కడే ఖబరస్తాన్‌లో పూడ్చిపెట్టారనీ తార్ వెనక వచ్చిన కాగితంలో ఉందట. పేరు ముస్లిం పేరు మరి. ఒక చిన్న పెట్టె కూడా కోరుట్లకే వచ్చింది.

"అందుల ఏముండె?" ఈయన అడిగాడు.

"రెండు లుంగీలు. ఒక చీర. చిన్న పోరికి తొడిగే గౌన్లు రెండు." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఎవ్వలకియ్యాలో నాకు తెల్వలే బేటా. గాయిన ఊరేందో ఏజెంటు చెప్పలే. గౌన్లు మా చెల్లె బిడ్డ తొడుక్కున్నది. మాఫ్ చెయ్యి."

ఈయన నవ్వాడు. నేను చూసిన ఆయన నవ్వుల్లో నిజమైనది అదొక్కటే. "సూసినవా అన్నా, నేను ఆడపిల్లననే ఉండె గాయినకు" అన్నాడు. 

శుక్రవారం ముగ్గురం ఖబరస్తాన్‌కు వెళ్ళాం. పాత భాగం అంతా చదును నేల. అక్కడక్కడ చిన్న రాళ్ళు. రాళ్ళ మీద పేర్లు ఉండవు. కాపలా చూసే బంగ్లాదేశీ మనిషి నంబరు అడిగాడు. లేదన్నాం. అయితే ఎలా చెప్పను అన్నట్టు చేతులు తిప్పి, అన్నిటికన్నా పాతవి ఎక్కడున్నాయో మాత్రం చూపించాడు. ఒక పొలమంత జాగా. స్టోర్ కీపర్ రెండు అరచేతులూ ముందుకు చాచి దువా చదివాడు. ఈయన అతన్ని చూసి చేతులు చాచాడు, మళ్ళీ దగ్గరికి చేర్చి దండం పెట్టాడు. రెండూ సరిగ్గా లేవనిపించిందేమో, చేతులు దించేసి, ఆ ముస్లిం పేరుతో గట్టిగా ఒక్క కేక వేశాడు. కాపలా మనిషి వెనక్కి తిరిగి చూశాడు. మేము అక్కడి నుంచి వచ్చేశాం.

తల్లికి చెప్పడానికి ఇంకో వారం పట్టింది. నన్ను పక్కన కూర్చోమన్నాడు. ఆమె క్యాసెట్ చెప్పమంటాడనుకుని గొంతు సర్దుకుంది.

"వద్దవ్వా. బాపు ముచ్చట తెలిసింది" అన్నాడు. కోరుట్ల ముసలాయన, ఎడమ చెయ్యి, జ్వరం, ఖబరస్తాన్, పెట్టె. ఒక్కొక్కటీ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. అంతా అయ్యాక, "గౌన్లు ఏం రంగువంట?" అని అడిగింది.

"అడుగలేదవ్వా."

"అడుగకపోతివి."

అప్పటిదాకా వినబడుతున్న బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆమె గొంతు చాలా మామూలుగా వచ్చింది. "గా పేరు గల్లాయన సచ్చిపోయిండంటివి. మా ఇంటాయన పేరు మీద ఎవ్వలూ సావలేదు గద. నేనెందుకు తీస్త బొట్టు? నువ్వు అన్నం తిన్నవా?"

ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు తిరిగాడు. "ఇప్పుడు నేను ఏం దేవులాడాలె అన్నా?" అన్నాడు. పదకొండేళ్ళు అయ్యాయి అప్పటికి ఆయన ఖతర్‌కు వచ్చి వెతకడం మొదలుపెట్టి.

ఆ నెలలో సెలవు ఫారం నింపించుకున్నాడు. ఈసారి వెనక్కి అడగలేదు. వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఊళ్ళో సెంట్రింగ్ పనికి పోతున్నాడని స్టోర్ కీపర్ ద్వారా తెలిసింది.

రెండేళ్ళ తర్వాత నేను సెలవుకు వెళ్ళినప్పుడు కోరుట్ల దాకా పోయి వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన కొంచెం ఒళ్ళు చేశాడు. నన్ను చూసి కంగారుపడి, కూల్ డ్రింక్ తెస్తానని సైకిలెక్కాడు. వాకిట్లో తల్లి ఉంది. నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు. ఒళ్ళో చాట, వేళ్ళు ఆగకుండా తిరుగుతున్నాయి. నేను అనుకున్నంత ముసలిది కాదు. క్యాసెట్ వచ్చేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళేనట.

"ఫోన్ల క్యాసెట్ ఇన్నది నువ్వే గద కొడుకా" అంది. కాసేపు ఆకు చుట్టి, తల ఎత్తకుండానే అంది: "గాయిన లేడని నాకు ఎప్పుడో ఎరుకే."

నేను సైకిల్ పోయిన దారి వైపు చూశాను.

"బతికుంటె రెండో క్యాసెట్ పంపకపోతడా? నాలుగైదేండ్లకే తెలిసింది. అన్నీ తీసేద్దామనుకున్న. అప్పుడే వీన్ని బడిల ఏసిన. సారు నన్ను అడిగిండు, తండ్రి ఉన్నడా అని. నేను నోరు తెరువకముందే వీడు చెప్పిండు, మా బాపు దుబాయ్‌ల ఉన్నడు అని. వాని మొఖం సూసి తియ్యలేకపోయిన. పెద్దగైనంక దేవులాడవట్టె. వాడు దేవులాడుతుంటె నేనెట్ల తీస్త?"

"మరి వద్దని చెప్పకపోయినవా అవ్వా?"

"మొదట్ల చెప్పాల్సింది. ఏండ్లకేండ్లు ఆడ పడి ఉన్నంక, ఉట్టిగనే ఉన్నవ్ కొడుకా అని ఎట్ల చెప్త?"

"గా రోజు ఫోన్ల…"

"గా రోజు తీస్తె, వాడు తెచ్చిన కబురుతోని తీసినట్టయితది. బతికినన్ని దినాలు వాన్ని గదే తింటది." చుట్టిన బీడీని చాటలో పెట్టి ఇంకో ఆకు తీసింది. "నువ్వు చెప్పకు."

సైకిల్ గంట వినబడింది. ఆయన సీసాలు చేతుల్లో పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు, చెమటలు కక్కుతూ. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏం ముచ్చట వెట్టినవే మా అన్నకు?"

"ఏమున్నది" అంది ఆమె, ఆకు చుట్టుతూనే. "గీసారి ఖతర్ల ఎండలు ఎట్లున్నయని అడుగుతున్న."

ఆయన నా వైపు చూశాడు.

"జర తక్కువనే ఉన్నయి" అన్నాను.